తలుపు చప్పుడుకి ముందు: దెయ్యం సినిమాల ఆనవాయితీల మీద ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున, బయట ఎండ ఇలా కాస్తుంటే, దెయ్యాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగా ఉన్నాయి.

నేను దర్శకుణ్ణి కాను, విమర్శకుణ్ణీ కాను. సినిమాలకి ఎఫెక్ట్స్ చేసే మనిషిని. తలుపు కిర్రుమనడం, గజ్జె ఘల్లుమనడం, ఎక్కడో కుక్క ఏడవడం, ఇలాంటి చప్పుళ్ళు పేర్చడమే ఇరవై ఏళ్ళుగా నా పని. కాబట్టి దెయ్యం సినిమాల్ని నేను కళ్ళతో కన్నా చెవులతో ఎక్కువ చూశాను. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఈ సినిమాల్లో మనకు పదే పదే కనిపించేవి ఉన్నాయే, ఆ తెల్లచీర, ఆ పాత బంగళా, ఆ తాళం వేసిన గది, అవన్నీ ఒకప్పుడు ఎవరికో ఎదురైన ఇబ్బందికి వాళ్ళు వెతుక్కున్న దారులు. ఇబ్బందిని మర్చిపోయి దారిని మాత్రమే పట్టుకుంటే సినిమాలో భయం చచ్చిపోతుంది.

మా అమ్మమ్మగారి ఊళ్ళో కొన్ని ఇళ్ళ తలుపుల మీద ఎర్రరంగుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి తెలిసినవాళ్ళ గొంతుతో పేరుపెట్టి పిలుస్తుందని, పలికితే అంతే సంగతులని చెప్పేవారు. అందుకని ఆ రాత. దెయ్యం వస్తుంది, చదువుకుంటుంది, సరే రేపు వద్దామని వెళ్ళిపోతుంది. మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత. కర్ణాటకలో కూడా "నాళె బా" అని ఇదే మాట గోడల మీద రాసుకునేవారు. ఆ నమ్మకం మీద తర్వాత తెలుగులోనూ, హిందీలోనూ సినిమాలొచ్చాయి.

చిన్నప్పుడు నాకు ఆ దెయ్యమంటే వణుకు. పెద్దయ్యాక ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. ఆ దెయ్యం ఎంత మాటకు కట్టుబడి ఉండేదో చూడండి! తలుపు బద్దలుకొట్టి రాగలదు. కానీ రాదు. రాసినదాని ప్రకారమే నడుచుకుంటుంది. చందమామలో బేతాళుడూ అంతే. రాజు నోరు విప్పితేనే శవంతో సహా ఎగిరిపోయి చెట్టెక్కుతాడు, మౌనంగా ఉన్నంతసేపూ భుజం మీదే ఉంటాడు. మన దెయ్యాలకు హద్దులున్నాయి. భయం పుట్టేది ఆ హద్దు దగ్గరే. ఏం చేస్తే తప్పించుకోవచ్చో మనకు తెలిసినప్పుడే, ఆ పని ఎవరైనా మర్చిపోతారేమోనన్న టెన్షన్ ఉంటుంది. తలుపు మీద ఆ రాత వానకు కరిగిపోయిందనుకోండి, ఇక కథ మొదలైనట్టే. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏమైనా చేయగలిగిన దెయ్యాన్ని చూసి రెండుసార్లు ఉలిక్కిపడతాం, మూడోసారి పాప్‌కార్న్ తింటూ చూస్తాం.

మరి ఈ హద్దుల్ని ఎవరు పెడతారు? అన్నీ పూర్వకాలం నుంచి వస్తున్న నమ్మకాలేనని అనుకుంటాం. అలా కాదు. రక్తపిశాచి ఎండ తగిలితే చచ్చిపోతాడని ఇవాళ చిన్నపిల్లలు కూడా చెబుతారు. 1897లో వచ్చిన డ్రాక్యులా నవలలో ఆయన పట్టపగలే లండన్ వీధుల్లో తిరుగుతాడు. పగలు శక్తి తగ్గుతుందంతే. 1922లో జర్మనీలో ముర్నౌ అనే దర్శకుడు హక్కులు కొనకుండానే, పేర్లు మార్చి, ఆ కథతో నోస్ఫెరాటు అనే మూకీ తీశాడు. చివర్లో సూర్యకిరణం పడి పిశాచి పొగలా మాయమైపోతాడు. ఆ ముగింపు నవలలో లేదు. మూకీ సినిమాలో, మాటల్లేకుండా, ఒక్క షాట్‌లో చెడు అంతమైపోయిందని చూపించాలంటే వెలుగుకన్నా మంచి దారేముంది? నవల రాసినాయన భార్య కోర్టుకెళ్ళింది, సినిమా కాపీలన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది. కొన్ని కాపీలు మిగిలాయి. వాటితోపాటే ఆ ఎండ కూడా మిగిలింది. వందేళ్ళయింది, పిశాచాలు ఇంకా దానికే భయపడుతున్నాయి.

ఇప్పుడు నా శాఖలోకి వస్తాను. 1942లో హాలీవుడ్‌లో ఆర్కేవో అనే కంపెనీ వాల్ లూటన్ అనే నిర్మాతకు చిన్న బడ్జెట్లో భయం సినిమాలు తీసే పని అప్పగించింది. ఒక్కో సినిమాకి లక్షన్నర డాలర్లు దాటకూడదు. వాళ్ళ మొదటి సినిమా క్యాట్ పీపుల్. కోపమొస్తే చిరుతగా మారిపోయే అమ్మాయి కథ. ఆ డబ్బులతో మనిషి మృగంగా మారడం ఏం చూపిస్తారు? అసలు చూపించకూడదని నిర్ణయించుకున్నారు. ఒక రాత్రి ఇంకో అమ్మాయి పార్కు పక్కన రోడ్డు మీద నడుస్తూ ఉంటుంది. ఆమె అడుగుల చప్పుడు, వెనకాల ఇంకొకరి అడుగుల చప్పుడు. మ్యూజిక్ లేదు. కాసేపటికి వెనక అడుగులు ఆగిపోతాయి. అడుగులు వినబడటం కన్నా ఆగిపోవడం ఎక్కువ భయం. ఎందుకంటే చిరుతకు అడుగుల చప్పుడు ఉండదు కదా! అమ్మాయి నడక పరుగవుతుంది, మనం ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటాం, ఒక్కసారిగా బుస్సుమని... బస్సు వచ్చి ఆగుతుంది. బ్రేకుల గాలి చప్పుడు. అంతే. ఎడిటింగ్ చేసేవాళ్ళు ఇవాళ్టికీ ఈ రకం ఉలికిపాటుని "లూటన్ బస్సు" అనే పిలుస్తారు.

మన సినిమాల్లో పిల్లి దూకుతుందే, వెనకనుంచి స్నేహితురాలు భుజమ్మీద చెయ్యేస్తుందే, అవన్నీ ఆ బస్సు పిల్లలే. అయితే అక్కడ పనిచేసింది బ్రేకు చప్పుడు కాదు, దాని ముందున్న నిశ్శబ్దం. ఇది చాలామందికి ఎక్కదు. చాలా ఏళ్ళ కిందట ఒక సినిమా మిక్సింగులో, పేరు వద్దు లెండి, ఫస్ట్ కాపీకి వారం ముందు నిర్మాత వచ్చి "ఎక్కడా భయం రావట్లేదు, ఇక్కడిక్కడ ఢాంఢాం అని వెయ్యండి" అన్నారు. లెక్కపెట్టాను, పదకొండు చోట్ల వేయించారు. అందులో ఒక చోట హీరోయిన్ అటక ఎక్కుతుంటే, చెక్క నిచ్చెన మెట్ల చప్పుడు మాత్రమే పెట్టి ఇరవై సెకన్లు వదిలేశాను. నాకు ఎంతో ఇష్టమైన ముక్క అది. దాని మీద కూడా డ్రమ్ము పడింది. థియేటర్లో మొదటి ఢాంకి జనం అదిరారు. నాలుగోదానికి పక్కవాళ్ళతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు నేను బాల్కనీ మెట్ల మీద కూర్చుని చాలాసేపు బాధపడ్డాను.

ఇంగ్లండులో 1998లో విక్ టాండీ అనే ఇంజనీరు ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన పనిచేసే లాబొరేటరీలో రాత్రిపూట ఒళ్ళు జలదరించేది, కంటి చివర బూడిదరంగు ఆకారమేదో కదిలినట్టుండేది. మర్నాడు అక్కడే కత్తిసాముకు వాడే కత్తి ఒకటి బిగించి పెడితే అది దానంతటదే వణికింది. వెతికితే కొత్తగా పెట్టిన ఫ్యాను దొరికింది. సెకనుకు సుమారు 19 సార్లు ఊగే, చెవికి అందని గాలి అల అది. ఫ్యాను సర్దగానే దెయ్యం పోయింది. అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని ఎవరూ తేల్చలేదు. కానీ నాకు ఇష్టమైన కథ ఇది. వినపడని చప్పుడు కూడా మనిషిని పట్టుకోగలదని, మా పనికి అంత బలముందని అనిపిస్తుంది.

సరే, తెల్లచీర. ఇందాక లోపలికి వస్తుంటే ఒక అమ్మాయి అడిగింది, "సర్, దెయ్యాలన్నీ తెల్లచీరే ఎందుకు కట్టుకుంటాయి?" అని. మంచి ప్రశ్న అమ్మా. జపానులో దీనికి సూటిగా జవాబుంది. అక్కడ శవానికి తెల్ల కిమోనో తొడుగుతారు, కాబట్టి దెయ్యం అదే బట్టల్లో, జుట్టు విరబోసుకుని వస్తుంది. పద్ధెనిమిదో శతాబ్దంలోనే మరుయామా ఓక్యో అనే చిత్రకారుడి పేరు మీద తెల్లబట్టల్లో, పాదాలు లేని ఆడదెయ్యం బొమ్మ ప్రసిద్ధి. అక్కణ్ణించి 1998లో వచ్చిన రింగు సినిమా దాకా ఒకటే దారి. మరి మన దగ్గర? ముత్తైదువగా పోతే పసుపు పూసి, కుంకుమ దిద్ది, కొత్త చీర కట్టి, పూలు పెట్టి పంపిస్తాం. లెక్కప్రకారం మన దెయ్యాలు ఎర్రచీరలో రావాలి! తెలుపు మనకు బతికున్న వితంతువు బట్ట. నాకేమనిపిస్తుందంటే, నలుపు తెలుపు ఫిల్ములో, రాత్రి షాటులో, పొగమంచులో ఒక మనిషి ఆకారం దూరంనుంచి కనబడాలంటే తెల్లబట్ట తప్ప గతి లేదు. 1949లో కమాల్ అమ్రోహీ తీసిన మహల్, 1958లో బిమల్ రాయ్ మధుమతి, వీటి తర్వాత చీకట్లో పాట పాడే అమ్మాయి మన కళ్ళలో నిలిచిపోయింది. రంగులొచ్చాక కూడా ఆ చీర మార్చలేదు.

మహల్ సంగతి వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఆ సినిమాలో నిజానికి దెయ్యమే లేదు. అయినా మన దేశంలో దెయ్యం పాట అంటే ఇదీ అని చూపించింది అందులోని "ఆయేగా ఆనేవాలా" పాటే. ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతం. లత గారికి అప్పటికి ఇరవై ఏళ్ళు. పాట మొదట్లో గొంతు దూరంనుంచి దగ్గరికి వస్తున్నట్టు ఉండాలి. ఇప్పుడైతే నేను కంప్యూటర్లో ఒక గీత గీస్తే చాలు. అప్పుడలాంటిదేమీ లేదు. లత గారు గది మూల నుంచి పాడుతూ మైకు దగ్గరికి మెల్లగా నడిచి వచ్చారని ఆమే చెప్పేవారు. తర్వాత రికార్డు బయటికొస్తే దాని మీద గాయని పేరు కామిని అని వేశారు. అది సినిమాలో పాత్ర పేరు! మనిషి దొరకని గొంతు. ఇంటికెళ్ళి ఆ పాట మొదటి నిమిషం కళ్ళు మూసుకుని వినండి, ఆ అడుగులు మీకు తెలుస్తాయి.

రింగులో కూడా ఇలాంటి పనే ఒకటుంది. దెయ్యం నడక తేడాగా ఉండాలి. ఆ పాత్ర వేసినావిడ చేత వెనక్కి నడిపించి, ఫిల్ముని తిరగేసి వేశారు. మనిషే, ముందుకే వస్తోంది, కానీ కీళ్ళు ఎక్కడో అబద్ధం చెబుతున్నాయి. మన ఊళ్ళల్లో దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు చూశారా, అది వేల మైళ్ళ దూరంలో పుట్టిన ఇదే ఊహ. అంతా మనలాగే ఉండాలి, ఒక్కటి తిరగబడాలి.

గొంతు మారడం కూడా అంతే. 1973లో ది ఎక్సార్సిస్ట్‌లో పన్నెండేళ్ళ పిల్ల నోట్లోంచి వచ్చే ఆ బొంగురు గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అనే పెద్ద నటిది. గొంతు పగలడం కోసం పచ్చి గుడ్లు మింగి, వరసగా సిగరెట్లు కాల్చి, విస్కీ తాగి మరీ చెప్పిందావిడ. ఆ సినిమాలోనే పిల్ల పడకగదిలో ఊపిరి పొగలా కనబడాలని, సెట్టంతా ఏసీలతో గడ్డకట్టే చలి చేశారు. దెయ్యం వచ్చినప్పుడు గది చల్లబడుతుందన్న మాట పాతదే, కానీ దాన్ని కంటికి చూపించింది ఆ చలి.

మనకు దానికి తీసిపోని గొంతు ఒకటుంది. 2009 సంక్రాంతికి కోడి రామకృష్ణ గారి అరుంధతి వచ్చింది. పశుపతిగా సోనూ సూద్ కనబడతాడు, వినబడేది పి. రవిశంకర్ గారు. ఆ "వదల బొమ్మాళీ" విన్నాక ఆయన్ని బొమ్మాళి రవిశంకర్ అనే పిలవడం మొదలుపెట్టారు. డబ్బింగు చెప్పినవాళ్ళ పేరు జనానికి తెలియడమే అరుదు. మాలాంటివాళ్ళకి అదెంత పండగో మీకు చెప్పలేను. ఆ సినిమాలో హద్దులు కూడా గట్టివి. పశుపతిని సమాధి చేసి బంధించారు, అది పగిలితే తప్ప రాడు. వాణ్ణి చంపడానికి జేజమ్మ తన ప్రాణమిచ్చి, తన ఎముకలతోనే ఆయుధం చేయించుకుంటుంది. దధీచి ఎముకలతో వజ్రాయుధం చేసిన కథ తెలిసిన ఏ పల్లెటూరి ప్రేక్షకుడికైనా అది ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమైపోతుంది. ఇంకోటి గమనించండి. మన సినిమాల్లో అన్యాయమైపోయిన ఆడపిల్ల దెయ్యమై వస్తుంది, మగవాడు మంత్రగాడై వదిలిస్తాడు. ఇక్కడ దెయ్యం మగవాడు, ఎదురు నిలిచింది ఆడది. ఆ ఒక్క మార్పుతో సినిమా అంతా కొత్తగా అనిపించింది. షూటింగు చేసిన బనగానపల్లె నవాబుల బంగళాను ఇప్పటికీ జనం అరుంధతి కోట అనే పిలుస్తారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆనవాయితీ గురించి చెబుతాను, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. దెయ్యం పక్క రాష్ట్రం భాష మాట్లాడుతుంది! 1993లో ఫాజిల్ మలయాళంలో మణిచిత్రతాళు తీశారు. ఆ పేరుకి నగిషీ చెక్కిన తాళమని అర్థం. ఆ తాళం వెనక గదిలో నాగవల్లి. ఆమె తంజావూరు నుంచి తెచ్చిన నాట్యగత్తె, కాబట్టి మలయాళం ఇంట్లో తమిళం మాట్లాడుతుంది. అదే కథ కన్నడంలో 2004లో ఆప్తమిత్ర అయింది. అక్కడ ఆమె తెలుగులో "రారా" అని పాడింది. 2005లో తమిళంలో చంద్రముఖి అయితే, అక్కడా తెలుగే. తమిళనాడు థియేటర్లలో రజనీకాంత్ అభిమానులంతా ఆ తెలుగు పాట విని వణికారు. మరి దాన్ని తెలుగులోకి డబ్ చేస్తే ఏం చేయాలి? దెయ్యం తెలుగే మాట్లాడితే ఇంట్లో మనిషిలా ఉంటుంది. అందుకని మనకు ఆ పాట తమిళంలో పెట్టారు, "వారాయ్" అని. హిందీలో 2007లో భూల్ భులయ్యా వస్తే మంజులిక బెంగాలీ మాట్లాడింది.

ఒకటే కథ, ప్రతి భాషలోనూ దెయ్యం సరిహద్దు అవతలనుంచే వచ్చింది. మొదట రాసిన మధు ముట్టంకు అది కథలోని అవసరం. పరాయి ఊరినుంచి తెచ్చి బంధించిన అమ్మాయి, ఆమె మాట ఆ ఇంట్లో ఎవరికీ పట్టదు. తనే నాగవల్లినన్న భ్రమలో పడ్డ ఆ ఇంటి కోడలు గంగ ఆ భాషలో మాట్లాడినప్పుడే భర్తకు తన పక్కనున్నది ఎవరో తెలియదని అర్థమవుతుంది. సగం అర్థమయ్యే భాషలో బెదిరింపు పూర్తిగా అర్థమయ్యేదానికన్నా ఎక్కువ భయపెడుతుంది. తర్వాత తీసిన వాళ్ళంతా ఈ ఒక్క విషయంలో ఎంత జాగ్రత్తపడ్డారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పాట మార్చారు, ఊరు మార్చారు, పేరు మార్చారు, పరాయి భాషను మాత్రం వదల్లేదు.

ఇక అందరూ అడిగేది. "ఇంట్లో దెయ్యముందని తెలిశాక ఖాళీ చేసి పోరేం?" రాసేవాళ్ళకి ఇది నిజమైన తలనొప్పి. పాత కథల్లో వంతెన కూలిపోయేది, కారు ఆగిపోయేది, టెలిఫోను తీగ తెగిపోయేది. సెల్‌ఫోను వచ్చాక సిగ్నల్ పోవడం మొదలైంది. ఇవన్నీ బయటినుంచి వేసిన తాళాలు. మంచి జవాబులు కథ లోపలినుంచి వస్తాయి. 2007లో పారానార్మల్ యాక్టివిటీలో, అది ఇంటిని కాదు, నిన్ను పట్టుకుంది, ఎక్కడికెళ్ళినా వస్తుంది అంటారు. ఆ మాటతో ప్రశ్న చెల్లిపోయింది. 2009లో విక్రమ్ కుమార్ తీసిన 13బి ఇంకా మనకు దగ్గర. ఉమ్మడి కుటుంబం, ఎంతో ఆశపడి చేరిన సొంత ఫ్లాటు. దేవుడి పటం పెడదామంటే గోడకు మేకు దిగదు. లిఫ్టు మాధవన్ ఒక్కడికే పనిచేయదు. మధ్యాహ్నం టీవీలో సీరియల్ వస్తుంటే, అందులో జరిగేదే ఇంట్లో జరుగుతుంది. సొంతిల్లు అన్న మాట మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఎంత బరువైనదో తెలిసినవాళ్ళు "ఎందుకు పోరు" అని అడగరు. బంగళాలో సాలెగూళ్ళు చూసి భయపడేవాడు ఆ రాత్రి తన అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కుతూ ఆగిపోయాడు.

అంతకుముందే, 1992లో, రామ్ గోపాల్ వర్మ తీసిన "రాత్రి" సినిమా ఈ దారి వేసింది. రేవతి కాలేజీకి వెళ్ళే మామూలు అమ్మాయి, ఇల్లు మామూలు ఇల్లు, చచ్చిపోయిన పిల్లిపిల్ల. మణిశర్మ గారి మొదటి రీరికార్డింగ్ అదే. పాటల్లేవు. మా గురువుగారు దాన్ని నాచేత మూడుసార్లు చూపించి, మ్యూజిక్ ఎక్కడ ఆగిందో కాగితం మీద రాయించారు. ఎక్కడ మొదలైందో కాదు, ఎక్కడ ఆగిందో.

ముని, కాంచన తర్వాత మన దగ్గర దెయ్యం కామెడీలు వరదలా వచ్చాయి. వాటి గురించి వేరే రోజు మాట్లాడుకుందాం. ఒక్కటి మాత్రం అంటాను. 2011 కాంచనలో అందరూ నవ్వుతూ వచ్చి, శరత్‌కుమార్ వేసిన ఆ ట్రాన్స్‌జెండర్ పాత్ర గతం చూసి కళ్ళు తుడుచుకుని బయటికొచ్చారు. బతికుండగా ఎవరి గోడు వినలేదో వాళ్ళే మన సినిమాల్లో దెయ్యాలవుతారు. హాలంతా చీకట్లో కూర్చుని రెండున్నర గంటలు వాళ్ళ మాట వింటుంది. ఇది చిన్న విషయం కాదు.

టైము అయిపోవచ్చింది. నేను రికార్డరు తెచ్చాను. మా అమ్మమ్మగారి ఇంటి తలుపు చప్పుడు, ఆ ఇల్లు పడగొట్టే ముందు వెళ్ళి పట్టుకొచ్చినది. అదే చప్పుడు మూడుసార్లు వినిపిస్తాను. మొదటిది వట్టి తలుపు. రెండోదానికి డ్రమ్ము కలిపాను. మూడోదాంట్లో తలుపుకి ముందు రెండు సెకన్లపాటు కీచురాళ్ళు ఆగిపోతాయి, అంతే. ఏది వింటున్నప్పుడు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకున్నారో గుర్తుపెట్టుకుని నాకు చెప్పండి. బాబూ, ఆ కిటికీ తలుపులు వెయ్యి. లైట్లు తీసెయ్.